గీత దాటని నలుపు

బందరులో మనిషి రక్తాన్ని రెండు జల్లెళ్ళలో వడబోసిన మొట్టమొదటి మొనగాణ్ణి నేనే. ఈ మాట పెళ్ళి భోజనాల దగ్గర, గుడివాడ బస్సులో, మందుల షాపు ముందు బెంచీ మీద ఎన్నోసార్లు అన్నాను. కాగితం మీద పెట్టేసరికి కొంచెం ఎబ్బెట్టుగా ఉంది. సరిదిద్దుకుంటాను. ఆ రోజు గదిలో డాక్టరు గారున్నారు, సిస్టరు గారున్నారు, మిషను అమర్చడానికొచ్చిన ఇంజనీరున్నాడు. వడబోసింది మిషను. నేను గొట్టాలు బిగించాను. ఇంకా నిజం కావాలంటే, కొన్ని గొట్టాలే బిగించాను, వాటిని కూడా సిస్టరు మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకున్నారు.

నేను డయాలిసిస్ టెక్నీషియన్ని. గుడివాడలో పని నేర్చుకుని, బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిటైరయ్యాను. కోర్సు పూర్తిచేసి రేపో మాపో ఏదో ఒక మిషను ముందు నిలబడబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు మిషను సంగతి నాకంటే బాగా తెలుసు. మనుషుల సంగతి కోర్సులో ఉండదు.

ఆయన పెడన నుంచి వచ్చాడు. కలంకారీ బట్టల పని. అచ్చులు కొట్టేవాళ్ళు వేరే ఉంటారు, ఈయనది ఆ తరవాతి పని. పెద్ద రాగి కాగులో బట్టని రంగుతో ఉడకబెట్టడం, కాలవలో మోకాలి లోతున నిలబడి పారే నీళ్ళలో జాడించడం. చెప్పులు వేసుకునే పని కాదది. ఒకరోజు పొయ్యిలోంచి జారిపడిన నిప్పు మీద కాలు పెట్టాడు. సుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయింది కదా, తెలియలేదు. అలాగే కాలవలోకి దిగి సాయంత్రం దాకా పని చేసుకుని ఇంటికి వెళితే, బొబ్బ చూసింది భార్య. బొబ్బ పుండయింది. పుండు మానలేదు. చిటికెన వేలు నల్లబడింది, దాని పక్క వేలూ అదే దారి పట్టింది. ఇంకోచోట చూపిస్తే మోకాలి కిందికి తీసేయాలన్నారు. “తీసేస్తే కాలవలో ఏ కాలితో నిలబడను?” అని అడిగి అక్కణ్ణుంచి లేచి మా దగ్గరికి వచ్చాడు.

మా డాక్టరు గారు వయసులో నాకంటే చాలా చిన్న. చెన్నైలో ఈ రెండు జల్లెళ్ళ వైద్యం చూసి వచ్చారు. ఆయనలో నాకు నచ్చింది ఒకటుంది, తెలియనిది తెలియదనేవారు. పెడన ఆయన పాదం ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ మొదళ్ళకి కాస్త పైన, మార్కరు పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశారు.

“నలుపు ఈ గీతకి ఇవతలే ఆగిందనుకోండి, రెండు వేళ్ళు పోతాయి, పాదం ఉంటుంది. గీత దాటి పైకి వచ్చిందంటే మాత్రం పాదం ఉంచమని నన్ను అడగొద్దు.”

ఆయన ఆ గీత వంక కాసేపు చూశాడు. “డాక్టరు గారూ, మాది అచ్చు పనండీ, కలం పట్టే పని కాదు. అయినా చెప్తన్నా, మీ గీత వంకరొచ్చింది.”

సిస్టరు నవ్వారు. భార్య నవ్వలేదు.

డాక్టరు గారు వైద్యం గురించి చెప్పారు. “పెద్ద కాలవ నిండుగా పారుతున్నా శివారు చేలకి నీళ్ళు అందవు చూశారా, మీ కాలిదీ అదే సంగతి. తొడలో, పిక్కలో నెత్తురు బాగానే పారుతోంది. వేలి చివర వెంట్రుక కన్నా సన్నటి నాళాలుంటాయి. వాటిలోకి వెళ్ళడం లేదు.”

“అయితే పూడిక తియ్యండి.”

“పెద్ద నాళమైతే తీసేవాళ్ళమే. ఇంత సన్నవాటిలోకి ఏ తీగా దూరదు. అందుకని నీళ్ళనే పలచన చేసి చూద్దామంటున్నాను.”

“పలచన చేస్తే పోయిద్దా శివారుకి?”

“కొందరికి పోతుంది. మీకు పోతుందని రాసిచ్చే ధైర్యం నాకు లేదు.”

“రాసివ్వొద్దులెండి. చూద్దాం.”

పలచన చెయ్యడం అంటే ఇంతే. ఒక చేతిలోంచి నెత్తురు బయటికి వస్తుంది. మొదటి జల్లెడలో ఎర్ర కణాలు ఒక పక్కకి, పసుప్పచ్చటి ప్లాస్మా ఒక పక్కకి విడిపోతాయి. ఆ ప్లాస్మా ఇంకా సన్నటి రెండో జల్లెడలోకి వెళ్తుంది. నెత్తుర్ని చిక్కగా, జిగటగా చేసే పెద్ద పెద్ద ప్రోటీన్లు, కొంత కొవ్వు అక్కడ ఆగిపోతాయి. తేటపడిన ప్లాస్మా మళ్ళీ కణాలతో కలిసి రెండో చేతిలోకి వెళ్ళిపోతుంది. కొన్ని గంటల పని. అంతసేపూ మనిషి కదలకుండా పడుకోవాలి, టెక్నీషియను కదలకుండా కూర్చోవాలి. నేను రెప్ప వేయకుండా చూసేవాణ్ణని మా ఆవిడతో చెప్పేవాణ్ణి. అప్పుడప్పుడూ వేసేవాణ్ణి. రెప్ప వెయ్యని మనిషి మా సిస్టరు గారు.

ఆవిడది అవనిగడ్డ పక్క పల్లె. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడేనట. ఆ గొంతు వార్డులో తగ్గించి మాట్లాడినా వరండా చివరికి వినపడేది. నన్ను బాబాయి గారూ అని గౌరవంగా పిలిచి అగౌరవంగా పని చేయించేవారు.

మొదటిరోజు వడపోత చక్కగా జరిగింది. అయిపోయే ముందు మాత్రం బీపీ పడిపోయి, ఆయనకి కళ్ళు తిరిగాయి, చెమటలు పట్టాయి. కాళ్ళు ఎత్తుగా పెట్టి, సెలైను ఎక్కించి సరిచేశాం. వెళ్ళేటప్పుడు నేను ఆయన భార్యని పిలిచి పెద్దరికంగా చెప్పాను. “ఈసారి నీరసంగా తీసుకురావద్దమ్మా. బాగా తినిపించి తీసుకురా.”

“అలాగే అన్నయ్యగారూ,” అందావిడ.

ఆవిడ నన్ను అన్నయ్యని చేసింది కాబట్టి ఆ క్షణం నుంచి ఆయనకి నేను బావనైపోయాను. “చెల్లెలికి చెప్పావుగా బావా, ఇంక నన్ను బతకనిచ్చినట్టే,” అన్నాడు. వేళాకోళం అనుకున్నాను.

పిల్లలూ, ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. మా కృష్ణా జిల్లాలో ఒక మనిషి పెద్ద వైద్యానికి వెళ్తున్నాడంటే చుట్టాలు ఊరుకోరు. మళ్ళీ ఏం తింటాడో ఏమోనని ముందే పెట్టేస్తారు. ఒకరి ఇంట్లో తిని ఇంకొకరి ఇంట్లో తినకపోతే అది ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. అలాంటి చోట, తెల్లకోటు వేసుకున్నవాడు “బాగా తినిపించండి” అన్నాడంటే, వాళ్ళకి అది ఆసుపత్రి ఇచ్చిన ఆర్డరు. ఈ జిల్లాలో పుట్టి ఈ జిల్లాలోనే తిని పెరిగినవాణ్ణి, నాకు తెలియాలి.

రెండో వడపోత రోజు ఆయన హుషారుగా వచ్చాడు. బీపీ బాగుంది. గొట్టాలు బిగించాం, మిషను మొదలైంది. మొదటి జల్లెడలోంచి ప్లాస్మా దిగడం మొదలైంది. ఈ కథ చెప్పినప్పుడల్లా, “చూడగానే నాకు గుండె ఝల్లుమంది, వెంటనే కనిపెట్టేశాను” అని చెప్తుంటాను. కనిపెట్టలేదు. నేను అప్పుడు బావగారితో పెడన కాలవలో వాలగ చేప దొరుకుతుందా లేదా అని వాదిస్తున్నాను.

“బాబాయి గారూ, ఇదేంటి?” అన్నారు సిస్టరు.

ప్లాస్మా పలచటి తేనె రంగులో ఉండాలి. గొట్టంలో దిగుతున్నది చిక్కటి కొబ్బరిపాలు.

లైటు వెలుతురుకి అలా కనపడుతోందన్నాను. గొట్టం మీద వేలితో కొట్టాను. ఈలోపు రెండో జల్లెడ దగ్గర ప్రెషరు ఎక్కింది, అలారం మొదలైంది. వేగం తగ్గించాను. మళ్ళీ ఎక్కింది. సెన్సరు పాడైందన్నాను. సిస్టరు నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగారు.

“ఏం తిన్నారండీ?”

“నేనేం తింటానమ్మా, సుగరోణ్ణి. రెండిడ్లీ.”

సిస్టరు భార్య వైపు తిరిగారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చెప్పమ్మా, ఏం ఫరవాలేదు.”

“నిన్న ముదినేపల్లి వదిన గారు, ఈయన అక్క, వచ్చారండి. కొర్రమేను పులుసు, వేపుడు తెచ్చారు. వైద్యానికెళ్ళే మనిషని నెయ్యన్నం తనే కలిపి ముద్దలు పెట్టారు. ఆ సంగతి తెలిసి గుడ్లవల్లేరు వదిన గారు ఊరుకుంటారా అండీ? ఇవాళ పొద్దున్నే మొదటి బస్సుకి దిగారు. నాటుకోడి, గారెలు. ‘దాని చేతి ముద్ద తిని నా చేతిది తినవేంట్రా’ అన్నారు.”

“ఎన్ని గారెలు?”

“లెక్కెడితే దిష్టి తగిలిద్దని లెక్కెట్టలేదమ్మా,” అన్నాడు బావగారు పడుకునే.

తిన్న కొవ్వంతా నెత్తుట్లో తేలుతోంది. ఆయనకి సుగరు వల్ల అది ముందే ఎక్కువ. సన్నటి జల్లెడ ఆ మీగడకి పూడిపోయింది. డాక్టరు గారు వచ్చి గొట్టం చూశారు, తెర మీద ప్రెషరు చూశారు. “ఆపెయ్యండి. నెత్తురు వెనక్కి పంపించెయ్యండి,” అన్నారు. పంపించేశాం. జల్లెడ పనికిరాకుండా పోయింది.

తరవాత ఆయన వంగి పాదం చూశారు. మేమూ చూశాం. మొదటిసారి గీతకీ నలుపుకీ మధ్య వేలు పట్టేంత చోటుండేది. ఇప్పుడు చిటికెన వేలి వైపున నలుపు గీతని ఆనుకుని ఉంది. దాటలేదు, ఆనుకుంది.

“మన దగ్గర ఇంకొక్క జల్లెళ్ళ సెట్టే ఉంది. చెన్నై నుంచి కొత్తవి వచ్చేదాకా ఇది ఆగేలా లేదు,” అన్నారు డాక్టరు గారు మెల్లగా. ఆ మాట ఎవరి చెవిన పడకూడదో ఆ భార్యే విన్నది. కొంగు తీసేసి, “నా చేతుల్తో నేనే ఆయన కాలు తీయించేశానా అన్నయ్యగారూ?” అంది.

డాక్టరు గారు తలెత్తారు. “ఇంత తినిపించమని మీకెవరు చెప్పారమ్మా?”

ఆవిడ నా వైపు చూడలేదు. అది నేను మర్చిపోలేను. ఇటు చూస్తే నేను దొరికిపోతానని నేల వంక చూసింది.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇది. ఇక్కడ నేను ఛాతీ విరిచి, “నేనే చెప్పాను సార్, తప్పు నాది” అంటాను. విన్నవాళ్ళు మెచ్చుకుంటారు. నిజానికి నేను వంగి గొట్టాలు విప్పుతున్నాను. అన్నది సిస్టరు. “మేమే చెప్పాం సార్. బీపీ పడిందని బాగా తినమన్నాం. ఏం తినకూడదో చెప్పలేదు.”

మేమే అన్నారు. నేను ఆయన భార్యకి ఆ మాట చెప్పినప్పుడు సిస్టరు అసలు ఆ పక్కన కూడా లేరు.

డాక్టరు గారు మా ఇద్దర్నీ ఒకసారి చూశారు. “రేపు మళ్ళీ చేద్దాం. అప్పటిదాకా నూనె, నెయ్యి, మాంసం, చేప ఏదీ ఆయన నోటి దగ్గరికి రాకూడదు. ఇంటికి పంపితే మీ వాళ్ళు వదలరు. వార్డులో ఉంచండి.”

వార్డులో ఉంచితే మాత్రం వదులుతారా? మధ్యాహ్నానికి ముదినేపల్లి క్యారేజీ వచ్చింది. వడపోత ఆగిపోయిందని వాళ్ళకి తెలిసింది, మనిషి నీరసపడ్డాడేమోనని రొయ్యల ఇగురు తెచ్చింది ఆవిడ. వెనకాలే గుడ్లవల్లేరు క్యారేజీ. తినకూడదని చెప్తే, “మా తిండి తినే కాలు పోయిందంటావా?” అని ఒకావిడ ఏడుపు మొదలుపెట్టేలా ఉంది. ఆ నింద ఎవరి మీదా పడకూడదు. సిస్టరు ఒక నిమిషం ఆలోచించి, చుట్టాల్ని వరండాలో కూర్చోబెట్టి, క్యారేజీలు లోపలికి తెచ్చి, నా ముందు పెట్టారు.

“తినండి బాబాయి గారూ.”

“నేనా?”

“ఖాళీ గిన్నెలు బయటికి వెళ్ళాలి. మీరు చెప్పిన మాటేగా, బాగా తినాలని. తినండి.”

వృత్తిధర్మం కోసం తిన్నానని చెప్పుకుంటాను. రొయ్యల ఇగురు చాలా బాగుంది. మంచం మీద బావగారు ఉప్పులేని జావ తాగుతూ, “బావా, వాసనన్నా ఇటు ఊదవయ్యా. నా కాలు చాలలేదా, నా కూర కూడానా?” అన్నాడు. నేను నవ్వబోయి ఆ పాదం వంక చూశాను. దుప్పటి బయటికి ఉంది. గీత ఉంది, నలుపు ఉంది. మిగతాది రుచి చూడకుండా మింగేశాను.

గిన్నెలు కడిగాక భార్య ఆగిపోయింది. “ఒట్టి గిన్నెలు ఎలా పంపిస్తామండీ?” మన వైపు తిన్న గిన్నెలో ఏదో ఒకటి వేసి కానీ తిరిగి పంపరు కదా. వార్డులో ఏముంటుంది? సిస్టరు తమ టీ డబ్బాలోంచి చిటికెడు పంచదార తీసి రెండు గిన్నెల్లోనూ వేశారు. వరండాలో ఆడపడుచులు గిన్నె మూతలు తీసి పంచదార చూసుకుని, తమ్ముడు కడుపునిండా తిన్నాడని తృప్తిగా బస్సెక్కారు.

మర్నాడు ఆఖరి సెట్టు. గొట్టాలు బిగించి, ఒక్కొక్కటీ నేనే రెండోసారి తిప్పి చూసుకున్నాను. భార్య బయట కూర్చోనంది, తలుపు దగ్గరే నిలబడింది. నెత్తురు మొదటి జల్లెడలోకి వెళ్ళింది. ప్లాస్మా గొట్టంలోకి దిగింది. ముందు కాస్త మబ్బుగా కనపడింది. ఆ తరవాత తేటపడింది. తేనె.

“ప్రభువా,” అన్నారు సిస్టరు, తగ్గించిన గొంతుతోనే. వరండా చివర ఎవరో తిరిగి చూశారు.

ప్రెషరు ఎక్కలేదు. నేను ఆ పూట నిజంగానే రెప్ప వెయ్యలేదు, ఇందులో కోతలు కొయ్యడానికి ఏమీ లేదు. తరవాత చెన్నై నుంచి సెట్లు వచ్చాయి. ఇంకా కొన్నిసార్లు వడబోశాం. ప్రతిసారీ ముందు పాదం చూసేవాళ్ళం. చెరిగిపోకుండా గీత మీద మళ్ళీ గీత గీసేవారు డాక్టరు గారు. “ఈసారి కాస్త నయంగా వచ్చింది,” అనేవాడు బావగారు. నలుపు ఆ గీతని ఆనుకునే ఉంది. కొన్నాళ్ళకి దాని అంచు ఎండింది. గీతకి పైన చర్మం వెచ్చబడిందని మొదట చెప్పింది భార్య, చేత్తో పట్టుకుని చూసి. రెండు వేళ్ళు తీసేశారు. పాదం నిలిచింది.

ఇప్పుడు మీరు నన్ను అడగాలి, నిలిపింది మిషనేనా అని. నేను చాలాకాలం మిషనే అన్నాను. మిషను అంటే అందులో నేనూ ఉంటాను కదా. డాక్టరు గారిని అడిగితే ఆయన వేరేగా చెప్పారు. “ఆయన్ని మనం కొన్ని వారాలు కాలవలోకి దిగనివ్వలేదు. రోజూ కట్టు మార్చాం. సుగరు అదుపులోకి వచ్చింది. నెత్తురు పలచన చేశాం. వీటిలో ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. అన్నీ కలిపి చేశాయేమో.”

ఆ మాట నాకు అప్పుడు నచ్చలేదు. తరవాత నాగాయలంక నుంచి ఒకాయన వచ్చాడు. అదే మిషను, అవే చేతులు, అలాగే కాలి మీద గీత. ఆయన చుట్టాలు గారెలు తేలేదు, ప్లాస్మా ఏ రోజూ తెల్లబడలేదు, మేం ఏ పొరపాటూ చెయ్యలేదు. నలుపు గీత దాటి వెళ్ళిపోయింది. ఆపరేషనయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకుని, “మీరు చెయ్యాల్సింది చేశారండీ,” అన్నాడు. అన్ని పొరపాట్లు చేసిన చోట పాదం నిలిచింది, ఏ పొరపాటూ చెయ్యని చోట పోయింది. ఆ రోజు నుంచి డాక్టరు గారి మాటే నేనూ చెప్తున్నాను. పెళ్ళి భోజనాల దగ్గర తప్ప.

మీకు చెప్పదలుచుకున్నది మాత్రం ఇది. “బాగా తినండి”, “జాగ్రత్తగా ఉండండి”, “విశ్రాంతి తీసుకోండి” అని ఊరికే అనకండి. ఏం తినాలో, ఏం తినకూడదో, వడ్డించే మనిషిని కూర్చోబెట్టి చెప్పండి. మీరు తెల్లకోటు వేసుకుని ఊసుపోక అన్న మాట ఒక ఇంట్లో ఆజ్ఞ అయిపోతుంది. పాటించేవాళ్ళు ప్రాణం పెట్టి పాటిస్తారు. చిక్కంతా అక్కడే.

నేను రిటైరయ్యాక ఒక ఉదయం వాళ్ళిద్దరూ మా ఇంటికి వచ్చారు. చేతిలో క్యారేజీ. నాకు నోరూరింది. మూత తీస్తే ఇడ్లీలు, పక్కన పోపు కూడా పెట్టని పచ్చడి.

“ఏంటమ్మా ఇది?”

“ఏం తినకూడదో తరవాత మీరే కూర్చోబెట్టి చెప్పారుగా అన్నయ్యగారూ,” అంది ఆవిడ. “మీకూ సుగరొచ్చిందట. సిస్టరమ్మ గారు ఫోను చేసి చెప్పారు.”

బావగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. కాళ్ళకి మెత్తటి బూట్లున్నాయి. కాలవలోకి దిగడం మానేశాడట. గట్టు మీద స్టూలు వేసుకుని, నీళ్ళలో ఉన్నవాళ్ళకి ‘ఇంకా జాడించండ్రా’ అని అరుస్తాడట. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, “కాళ్ళు చూపించు బావా,” అన్నాడు. చూపించాను. వేళ్ళ సందులు కూడా వదలకుండా చూశాడు. “ప్రస్తుతానికి గీత అక్కర్లేదులే,” అన్నాడు.

వాళ్ళు వెళ్ళేటప్పుడు క్యారేజీలో నేను ఆ మార్కరు పెన్ను వేసి పంపించాను. డాక్టరు గారిని అడిగి, ఇన్నేళ్ళూ దాచుకున్న పెన్ను.

అలా అయితే ముగింపు బాగుంటుందని అనుకున్నాను. ఆ పెన్ను ఏమైందో నాకు తెలియదు. ఇంకుపోతే పారేసి ఉంటారు. అందరూ వేసేదే వేశాను, చిటికెడు పంచదార.

సాయంత్రం ఆవిడ ఫోను చేసింది. “అన్నయ్యగారూ, మీరు వేసిన పంచదార మీ బావ దార్లోనే నోట్లో వేసేసుకున్నారండీ.”

“నువ్వు పక్కనే ఉండి ఏం చేస్తున్నావమ్మా? లాక్కోలేకపోయావా?”

“పక్కన ఎక్కడండీ,” అంది. “క్యారేజీ తీసుకుని ముందు నడిచిపోతున్నారు. ఆయన నడకని నేను అందుకోవద్దూ?”